సముద్రగర్భపు తంతులు - ద్వీపజాతుల స్వాతంత్ర్యము



ఎమ్డెన్ కథ మన తీరమున పెద్దలు పిల్లలకు జెప్పుచు వచ్చిన కథ. 1914 సెప్టెంబరు 22 వ తేదీ రాత్రి చెన్నపట్టణముపై గుండ్లు గురిపించి, నూనె టాంకులను దగులబెట్టి పోయిన జర్మను యుద్ధనౌక యది. ఆ నౌక యెచ్చట నంతమొందినదని యడిగినచో జెప్పగలవారు తక్కువ. హిందూమహాసముద్రమున కోకోస్ అను పగడపుదీవులలో ఆంగ్లేయుల తంతిస్థావర మొకటి యుండెను. అచ్చటి సముద్రపు తంతులను దెగగొట్టి, వార్తాస్తంభమును గూల్చవలెనని నవంబరు 9 న ఎమ్డెన్ తన నావికులను దింపెను. స్థావరపుటుద్యోగులు అంతకు ముందే వార్త పంపివైచిరి. సిడ్నీ యను ఆస్ట్రేలియా నౌక వచ్చి ఎమ్డెన్‌ను ధ్వంసము చేసెను. మహానగరము నడలగొట్టిన నౌక యొక తీగెకొరకు బోయి చెడినది.

నేటి మా ప్రసంగవిషయ మట్టి తీగెలే. ద్వీపదేశములను లోకముతో గలుపుచు సముద్రగర్భమున బరుండియున్న కేబుళ్లు, వాని వ్యాపారము. యుద్ధనౌకతో నారంభించినందుకు సభ్యులు మన్నింతురు గాక. ఈ సరకు నమ్మువాడును గొనువాడును గలసి ధర తేల్చుకొనెడి సాధారణపు సరకు గాదని తెలియుటకు ఇంతకన్న దగ్గరి యుదాహరణము మాకు దోపలేదు.

ఆ కాలపు చరిత్ర మరియొక ముక్క వినవలెను. 1902 లో కెనడా పశ్చిమతీరమునుండి పసిఫిక్ మహాసముద్రము నడుమగా ఫానింగ్ దీవికిని, అచ్చటనుండి ఫిజీకిని, నార్‌ఫోక్ దీవికిని, అటుపై ఆస్ట్రేలియా, న్యూజిలాండులకును కేబులు వేసిరి. దారి పొడవున బ్రిటిషు జెండా లేని నేల తగులరాదని వారి పట్టుదల. పటములలో ఆ సామ్రాజ్యమునకు ఎఱుపు రంగు వేయుదురు గనుక దానికి ‘ఎఱ్ఱరేఖ’ యని పేరు వచ్చినది. 1914 సెప్టెంబరులో జర్మనులు ఫానింగ్ దీవికి వచ్చి దానిని దెగగొట్టిరి. ఆ ఫానింగే నేడు కిరిబాటి దేశములోని టబుయేరన్ దీవి. కేబులు ఆ దీవి నెక్కి దిగినది. దీవి ప్రజల యవసరము మాత్రము వేసినవారి లెక్కలో లేదు. ఏరు దాటుటకు నడుమ రాయివంటి దాయెను ఆ దీవి.

ఇప్పటి కేబులు వేరు. అందు నడచునది వెలుగు. తలవెండ్రుకపాటి గాజుపోగులు కొన్ని, వానిచుట్టును రాగితొడుగు, ఉక్కుతీగెలు, పైని ప్లాస్టిక్ పూత; లోతుసముద్రమున దాని లావు తోటకు నీరు పెట్టు గొట్టమంతయే. అరువది, నూరు కిలోమీటర్ల కొకచోట వెలుగునకు దిరిగి బలమిచ్చు యంత్రములుండును. ఇంటర్నెట్టు ఆకాశమున బోవునని మనలో జాలమంది యనుకొందురు. ఖండాంతరముల నడుమ నడచు వార్తలలో నూటికి తొంబదియైదు పాళ్లకు పైగా సముద్రపుటడుగుననే పోవుచున్నవి.

అది తెగిన నేమగును? టాంగా రాజ్యము చెప్పును. లక్షజనము గల దేశము. ప్రపంచబ్యాంకు, ఆసియా అభివృద్ధిబ్యాంకుల ధనసహాయముతో 2013 లో 827 కిలోమీటర్ల కేబులు ఫిజీదాక వేసికొన్నారు. 2022 జనవరి 15 న హుంగా టాంగా అగ్నిపర్వతము సముద్రములో బ్రద్దలై, ఉప్పెన లేచి, బూడిద గురిసి ఊళ్లు మునిగినవి. గోరుచుట్టుపై రోకటిపోటన్నట్లు ఆ కేబులును దునుకలైనది. ఎవరు బ్రతికిరో, ఎవరు పోయిరో న్యూజిలాండులోని కొడుకునకు దెలియలేదు. ఆ దేశపు ఆదాయములో మూడవవంతునకు పైగా పరదేశములలోని బిడ్డలు పంపు సొమ్మే. ఆ సొమ్ము చేతికందు దారియు మూసికొనిపోయెను. మరమ్మతునౌక పాపువా న్యూగినీనుండి రావలసివచ్చెను. ఫిబ్రవరి 22 ప్రాంతమునకు, అనగా అయిదు వారములకు, ముఖ్యద్వీపమునకు కేబులు దిరిగి పలికినది. బయటి చిన్నదీవులకు బోవు కేబులు బాగుపడుటకు ఏడాదిన్నర పట్టెను.

అగ్నిపర్వతమును దైవికమని విడువవచ్చును. అంతకు మూడేండ్లకు ముందు, 2019 జనవరిలో, అదే కేబులు తెగి పండ్రెండు దినములకు పైగా దేశము మూగవోయినది. అది నౌక లంగరు దగిలి తెగెనని యనుమానపడిరి. ఇచట మా వృత్తికి సంబంధించిన మాట యొకటి. 1884 లో పారిస్‌లో కుదిరిన ఒడంబడిక మొదలు 1982 నాటి సముద్రశాసనము వఱకును కేబులు తెంపుట నేరమే. అయితే తీరజలములు దాటినచోట నేరస్థుని విచారించు నధికారము ముఖ్యముగా ఆ నౌక యెగురవేసిన జెండాగల దేశమునకు. లంగరు దించినవాడు ఏ దూరదేశపు జెండానో కట్టుకొనియుండును. నష్టపడినవాడు టాంగాలో నుండును. ఈ వ్యాజ్యము నే న్యాయస్థానమున దాఖలు చేయవలెనో సభలోని వకీలుమిత్రులు చెప్పిన సంతోషింతుము.

ఇక వ్యాపారము. ఇంత పొడవు కేబులు చేసి, నౌకకెక్కించి, సముద్రమున బరచి యిచ్చు పెద్ద సంస్థలు లోకమున నాలుగు: అమెరికా సబ్‌కామ్, ఫ్రాన్సు ఆల్కాటెల్, జపాను ఎన్.ఇ.సి., చైనా హెచ్.ఎమ్.ఎన్. చివరిది మొదట హువావే మెరీన్. వీనిలో ఆల్కాటెల్ కేబులు సంస్థ యందు నూటికి 80 పాళ్లను 2024 తుదిని ఫ్రెంచి ప్రభుత్వమే కొనివేసినది. స్వేచ్ఛావ్యాపారమును గూర్చి మనకు నీతులు చెప్పు దేశములు ఈ సరకువద్దకు వచ్చునప్పటికి దుకాణపు తాళపుచెవి తమ నడుమున దోపికొనుటను సభ్యులు గమనింతురు గాక.

కొనువారి సంగతి యింకను విచిత్రము. కేబులు ఖర్చు దూరమును బట్టి యుండును. దాని రాబడి జనసంఖ్యను బట్టి యుండును. ద్వీపదేశమునకు దూర మెక్కువ, జనము తక్కువ. నౌరూ, కిరిబాటి, మైక్రోనేషియా దేశములను గలుపు కేబులునకు 2023 జూనులో ఎన్.ఇ.సి. తో ఒప్పందమైనది. పొడవు 2,250 కిలోమీటర్లు. పథకపు వ్యయము సుమారు 9 కోట్ల 50 లక్షల డాలర్లు. లాభపడు జనము లక్షకు గొంచె మెక్కువ. అనగా పసిబిడ్డను గూడ లెక్కించి తలకు సుమారు 900 డాలర్లు. ఏ వర్తకుడు ఈ లెక్క చూచి ముందుకు వచ్చును? కనుక దాతలు వచ్చిరి.

దాతలు వచ్చిన తీరు వినదగినది. ఈ కేబులునకే మొదట ప్రపంచబ్యాంకు పక్షమున టెండర్లు పిలిచిరి. ఆల్కాటెల్, ఎన్.ఇ.సి., చైనావారు ముగ్గురును వచ్చిరి. చైనావారి ధర తక్కువయని వార్తాసంస్థలు వ్రాసినవి. అమెరికా హెచ్చరికలు చేసినది. 2021 లో ఎవరికిని పని యియ్యకయే టెండరు ముగిసెను. ఆ డిసెంబరులోనే అమెరికా, జపాను, ఆస్ట్రేలియాలు మేమే ధనమిత్తుమని ప్రకటించినవి. అంతకు ముందు సాలమన్ దీవులదియు నిదే కథ. 2017 లో హువావే మెరీన్‌తో సిడ్నీదాక కేబులునకు వారు ఒప్పందము చేసికొనగా, సిడ్నీ తీరము గల ఆస్ట్రేలియా యంగీకరింపలేదు. తానే మూడింట రెండు పాళ్ల ఖర్చు భరించి, పాపువా న్యూగినీని గూడ జేర్చి, 4,700 కిలోమీటర్ల కేబులు వేయించినది. 2020 నాటి కది పనిచేయ నారంభించెను.

మేము చైనావారి పక్షమున వాదించుట లేదు. పొరుగుదేశపు తంతి తన గుట్టు వినునేమో యని భయపడుట ఏ దేశమునకైన దగినదే; ఆ భయము ఇరుప్రక్కల నున్నది. మా యాక్షేపణ వేరు. ఆ మూడు దేశముల ప్రజలు కేబులుకొరకు మరి రెండేండ్లు కాచుకొనిరి. ఆ జాగునకు వారు కారకులు గారు. ధనమిచ్చినవాడే సరకు నెన్నుకొన్నాడు, వాడుకొనువాడు చేవ్రాలు చేసినాడు.

“పుణ్యమునకు పుట్టెడిచ్చిన పిచ్చకుంచమని పోట్లాడినట్లున్నది మీ మాట” అని యెవరైన ననవచ్చును. దానముగా వచ్చిన గింజలైనచో కొలత యడుగుట సిగ్గే. కేబులు గింజలవలె ఒకనాటితో దినివేయునది గాదు. ఇరువదియైదేండ్లు నడచును. ఆ ఇరువదియైదేండ్లును ఏటేట మరమ్మతునౌకకు చందా కట్టవలెను. నౌక కదలినను కదలకున్నను కట్టవలెను. తీరమున దిగు స్థావరము ఎవరిదో, అందు రెండవ కంపెనీకి చోటిత్తురో యియ్యరో, టోకుధర నెవరు నిర్ణయింతురో ఆ పత్రములో నుండవలెను. ఇవి లేని దానపత్రమునకు మా కక్షిదారు నెవనిని చేవ్రాలు చేయనియ్యము. ఒకే కంపెనీ చేతిలో స్థావరముండి, అది తోచిన ధర చెప్పినచో, సముద్రమునకు గట్టిన కేబులు ఊరివారి చెవిదాక రాదు.

ఉపగ్రహము లుండగా కేబు లెందుకనువారు గలరు. టాంగా కష్టకాలమున ఉపగ్రహములే యాదుకొన్నవి, నిజము. తెగిననాడు ఊతకఱ్ఱగా నవి యుండవలసినదే. కాని అంత వార్తను, అంత చౌకగా, అందఱకు మోయుట వానివలన గాదు. పైగా ఆ యాకాశపు కంపెనీల యజమానుల నెన్నుకొనుటయు ఆ దీవుల చేతిలో లేదు.

మఱి దారి లేదా? ఉన్నది. కుక్ దీవులు, నియూ, సమోవా, ఫ్రెంచి పాలినీషియా ఈ నాలుగును గలిసి ప్రభుత్వముల నడుమ ఒడంబడిక వ్రాసికొని, 2020 లో మనాటువా అను కేబులు దెచ్చుకొన్నవి. 3,600 కిలోమీటర్లు. పని చేసినది అమెరికా సంస్థయే. న్యూజిలాండు ధనము గూడ నందున్నది. అయినను ఆ తంతిలో ఎవరి పాలు వారిది. నియూ జనసంఖ్య రెండువేల లోపు. ఒంటిగా బోయినచో ఆ దేశముతో బేరమాడుట కెవడును గుర్చీ వేయడు. నలుగురితో బోయినందున కూర్చున్నది.

దాటిపోవు బండి నెక్కు తెలివియు నొకటి గలదు. అట్లాంటిక్ నడుమ సెంట్ హెలీనా దీవి స్వతంత్రదేశము గాదు, బ్రిటిషువారి యధీనము. జనము 5,000 లోపు. పోర్చుగల్ నుండి దక్షిణాఫ్రికాకు గూగుల్ వేయు కేబులు ఆ సమీపమున బోవునని తెలిసి, వేయకమునుపే శాఖ యడిగిరి. 2021 లో శాఖ తీరమెక్కినది, 2023 లో పలికినది. శాఖకు జీలిక కేబులు చేయునాడే పెట్టవలెను. పరచిన పిమ్మట సముద్రమునుండి పైకి దీసి యతుకుట బహువ్యయము. అమెరికన్ సమోవావారు మరియొక యుపాయము చేసిరి. పని చాలించిన పసిఫిక్ కేబులు నొకదానిని దీసికొని, 2009 లో హవాయిదాక దానినే వాడుకొనిరి. పాతబండియైనను ఊరు చేర్చెను.

మన యింటిలెక్కయు జెప్పవలెను. చెన్నపట్టణమునుండి అండమానులకు 2020 ఆగస్టు 10 న తెఱచిన కేబులు సుమారు 2,300 కిలోమీటర్లు, వ్యయము 1,224 కోట్ల రూపాయలు. 2011 జనగణన మేరకు ఆ దీవుల జనము 3,80,000. తలకు 32,000 రూపాయలు. ఆ సొమ్ము ప్రజానిధి నుండి వచ్చినది. అచ్చట స్థిరపడిన తెలుగువారు పెక్కుమంది. లాభనష్టముల లెక్క చూచియుండినచో వారి యిండ్లకది చేరెడిదే గాదు. కేబులు చేసినది జపానువారే. అయినను అది ఎవరికి దిగవలెను, ఎచ్చట దిగవలెనన్నది మన నిర్ణయము. ద్వీపదేశములు కోరునది అంతకన్న నెక్కువ గాదు.

ఇప్పుడు మన తీరమునకును వంతు వచ్చినది. సముద్రపు కేబుళ్లు దిగు స్థావరముతోగూడ పెద్దపథకమును విశాఖపట్టణమున నిర్మింతునని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించినది. సంతోషమే. అందు దిగు కేబుళ్లలో మన ప్రజాసంస్థలకు చోటెంత, టోకుధర నెవరు నిర్ణయింతురు, తెగినచో మరమ్మతునౌక యెచ్చటనుండి వచ్చును అను మూడు ప్రశ్నలకు మేము జవాబు వెదకుచున్నాము. అనుమతిపత్రములు బయలుపడిననాడు ప్రతి నొకదానిని ఈ పఠనమందిరపు బల్లపై నుంచుటకు కార్యదర్శిగా రంగీకరించియున్నారు.