ఒకే పోర్టు: కంపెనీల సౌజన్యంతో రానిది చట్టంతో వచ్చింది

(కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



జీతభత్యాలు, పింఛను, ఖాళీల భర్తీ వంటి సమస్యలు మన ముందుండగా, సెల్‌ఫోనుకు ఛార్జింగ్ పెట్టే పోర్టును గురించి ప్రత్యేకంగా ఒక ఉపన్యాసమా అని కొందరు ఆశ్చర్యపడవచ్చును. వస్తువు చిన్నదే. అయితే అది లేవనెత్తిన ప్రశ్న పెద్దది. కోట్లాది ప్రజలు నిత్యం వాడే వస్తువుకు కొలతను నిర్ణయించవలసినది ఎవరు? దానిని అమ్ముకొనే కంపెనీయా, లేక వాడుకొనే ప్రజల పక్షాన చట్టసభయా? ఈ ప్రశ్నకు ఐరోపాలో 2022వ సంవత్సరంలో ఒక సమాధానం లభించింది. దానిలోని గుణదోషాలను మనం తెలుసుకొనవలసి ఉన్నది.

ఈ ప్రశ్న మన రెండు శాఖలకూ కొత్తది కాదు. 1840ల దశకంలో ఇంగ్లండులో ఒక్కొక్క రైల్వే కంపెనీ తనకు తోచిన గేజిలో పట్టాలు పరచింది. గ్రేట్ వెస్టర్న్ కంపెనీది ఏడడుగుల పైచిలుకు గేజి. తక్కిన కంపెనీలలో పెక్కింటిది 4 అడుగుల 8½ అంగుళాలు. ఈ రెండూ కలిసిన గ్లాస్టర్ పట్టణంలో ప్రయాణికులు బండి దిగి మరొక బండి ఎక్కవలసి వచ్చేది. సరుకంతా ఒక వ్యాగను నుండి దించి మరొక వ్యాగనులోకి ఎత్తవలసి వచ్చేది. కంపెనీలు తమలో తాము రాజీపడలేదు. చివరకు 1846లో పార్లమెంటు గేజి చట్టం చేసింది. ఆ చట్టం వచ్చిన తరువాత కూడా విశాలమైన గేజి పూర్తిగా అంతరించడానికి 1892వ సంవత్సరం రావలసి వచ్చింది.

మన దేశంలో ఈ చిక్కును ప్రభుత్వమే తెచ్చిపెట్టింది. డల్హౌసీ కాలంలో 5 అడుగుల 6 అంగుళాల గేజిని నిర్ణయించగా, 1870ల దశకంలో పొదుపు పేరిట మీటరు గేజి వచ్చింది. గుంతకల్లు, సికింద్రాబాదు, విజయవాడ వంటి రెండు గేజిల జంక్షన్లలో దశాబ్దాల తరబడి ఆ పొదుపు భారాన్ని మోసినది హమాలీల భుజాలు. ప్రాజెక్ట్ యూనిగేజ్ ప్రారంభమైనది 1992లో. ఒక కొలత తప్పిపోతే దానిని సరిదిద్దడానికి ఎన్ని తరాలు పడుతుందో రైల్వే కార్మికునికి ఎవరూ చెప్పనక్కరలేదు.

తపాలా సోదరులకు దీనికి భిన్నమైన అనుభవం ఉన్నది. 1854కు పూర్వం ఉత్తరానికి రుసుము దూరాన్ని బట్టి ఉండేది. ఆ సంవత్సరం దేశమంతటికీ ఒకే రేటు, ఒకే బిళ్ళ వచ్చాయి. 1874లో బెర్న్ నగరంలో కుదిరిన ఒడంబడిక సభ్యదేశాలన్నింటినీ ఏకైక తపాలా క్షేత్రంగా ప్రకటించింది. 1876లో మన దేశం అందులో చేరింది. ఒక దేశపు బిళ్ళ అంటించిన ఉత్తరం మరొక దేశంలో చేరవలసిన గడపకు చేరుతున్నదంటే, దాని వెనుక ఇట్టి ఉమ్మడి నియమం ఉన్నది.

ఇక ప్రస్తుత విషయానికి వద్దాం. 2009 ప్రాంతంలో ఐరోపా మార్కెట్టులో ముప్ఫై రకాలకు పైగా ఫోను ఛార్జర్లు ఉండేవి. ఫోను మారిస్తే ఛార్జరు మార్చవలసిందే. యూరోపియన్ కమిషన్ మొదట కంపెనీల సౌజన్యాన్నే నమ్మింది. ప్రధాన తయారీదారులు మైక్రో యూఎస్‌బీ అనే సన్నపిన్నుకు అంగీకరిస్తూ 2009లో ఒక ఒప్పందపత్రంపై సంతకాలు చేశారు. ఫలితం శూన్యమని అనలేము. ముప్ఫై రకాలు మూడింటికి తగ్గాయి. అయితే ఆ పత్రంలో ఒక లొసుగు ఉన్నది. ఫోనులో వేరే పోర్టు ఉంచి, మధ్యలో తగిలించుకొనే అడాప్టరును అందుబాటులో పెట్టినా ఒప్పందాన్ని పాటించినట్లే. యాపిల్ సంస్థ ఈ మార్గాన్నే అనుసరించి, 2012లో లైట్నింగ్ అనే తన సొంత పోర్టును ప్రవేశపెట్టింది. 2014లో ఒప్పందం గడువు తీరిపోయింది. ఆ తరువాత జరిగిన సంప్రదింపులు ఒక కొలిక్కి రాలేదు.

అప్పుడు గాని చట్టం ఊసు రాలేదు. 2021 సెప్టెంబరులో కమిషన్ ముసాయిదాను ప్రతిపాదించింది. 2022 అక్టోబరు 4న యూరోపియన్ పార్లమెంటులో 602 మంది అనుకూలంగా, 13 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. 8 మంది తటస్థంగా ఉన్నారు. దాని ప్రకారం 2024 డిసెంబరు 28 నుండి ఐరోపా సమాఖ్యలో కొత్తగా మార్కెట్టుకు వచ్చే ఫోన్లు, టాబ్లెట్లు, కెమెరాలు, ఇయర్‌ఫోన్లు మొదలైనవాటిని తీగతో ఛార్జి చేసేటట్లయితే వాటికి టైప్-సి పోర్టు తప్పనిసరి. లాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28ని వర్తింపు తేదీగా నిర్ణయించారు. యాపిల్ సంస్థ గడువు వరకు ఆగలేదు. 2023 సెప్టెంబరులో విడుదల చేసిన ఐఫోన్ 15తోనే టైప్-సికి మారింది. పదమూడేండ్ల సంప్రదింపులు సాధించలేని పనిని తేదీ వేసిన ఒక్క చట్టం సాధించింది.

కంపెనీల అభ్యంతరాన్ని కూడా న్యాయంగా వినవలసి ఉన్నది. చట్టం ఒక పోర్టును శాసిస్తే రేపటి మెరుగైన పోర్టుకు దారి మూసుకుపోతుందని యాపిల్ వాదించింది. ఈ వాదం పూర్తిగా నిరాధారమని నేననను. 2009లోనే మైక్రో యూఎస్‌బీని కదలించరాని శాసనంగా చేసియుంటే, 2014లో రూపొందిన టైప్-సికి చిక్కులు వచ్చేవేమో. ఇంగ్లండులోనూ వేగ పరీక్షలలో నెగ్గినది విశాలమైన గేజియే. చట్టం ఎంచుకొన్నది మాత్రం అప్పటికే ఎక్కువ మైళ్ళు పరచియున్న గేజిని. అందుచేతనే ఐరోపా చట్టంలో సాంకేతిక పురోగతిని బట్టి ప్రమాణాన్ని మార్చే అధికారాన్ని కమిషన్‌కు ఇచ్చారు. మెరుగైన పోర్టు రావచ్చును. వచ్చినప్పుడు అది అందరికీ ఉమ్మడిగా రావాలి. ఏ ఒక్క కంపెనీ ప్రహరీగోడగానో కాదు.

ఈ చట్టం వలన లాభం ఎవరిది? ఇక్కడ మనం కొంత జాగ్రత్తగా లెక్క చూడాలి. కమిషన్ అంచనా ప్రకారం పారవేసినవి, వాడకుండా పడియున్నవి కలిపి ఛార్జర్ల వలన ఐరోపాలో ఏటా సుమారు 11,000 టన్నుల వ్యర్థం పోగుపడుతున్నది. విడిగా ఛార్జర్లు కొనడానికి ప్రజలు ఏటా సుమారు 240 కోట్ల యూరోలు వెచ్చిస్తున్నారు; చట్టం వలన ఏటా 25 కోట్ల యూరోల వరకు ఆదా కాగలదు. ఛార్జరు లేకుండా పరికరాన్ని కొనే వీలు కొనుగోలుదారునికి ఉండాలని, పెట్టెలో ఛార్జరు ఉన్నదీ లేనిదీ బొమ్మతో చూపాలని కూడా చట్టం నిర్దేశించింది. అయితే ఛార్జరు తీసివేసిన మేరకు ధర తగ్గించాలని మాత్రం అది శాసించలేదు. చట్టానికి ముందే, 2020లోనే, యాపిల్ పర్యావరణం పేరిట ఐఫోన్ పెట్టెలో నుండి ఛార్జరును తొలగించింది. ఇందుకు 2022 సెప్టెంబరులో బ్రెజిల్ ప్రభుత్వం ఆ సంస్థకు జరిమానా విధించింది. పొదుపు నిజమైనదే, ఆ పొదుపు ఎవరి జేబులోకి వెళుతున్నదన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

మరొక పరిమితి ఉన్నది. బ్రాడ్ గేజి అన్నంత మాత్రాన అన్ని పట్టాలూ ఒకటి కావు; మీటరుకు 52 కిలోల పట్టా ఉన్నది, 60 కిలోల పట్టా ఉన్నది. అదేవిధంగా పోర్టు ఆకారం ఒకటైనా అన్ని కేబుళ్ళూ ఒకే శక్తిని మోయవు. కొన్ని కంపెనీల అతివేగపు ఛార్జింగ్ ఆ కంపెనీ ఛార్జరుతోనే పూర్తిగా పనిచేస్తుంది. ఈ కారణంగా ఒక స్థాయికి మించిన వేగంతో ఛార్జి అయ్యే పరికరాలు యూఎస్‌బీ పవర్ డెలివరీ అనే ఉమ్మడి పద్ధతిని కూడా స్వీకరించాలని ఐరోపా చట్టం విధించింది. ఆకారాన్ని మాత్రమే ఏకం చేసి, లోపలి పద్ధతిని వదలివేసే నియమం సగం నియమమే.

మన దేశం సంగతి చూద్దాం. 2022 నవంబరు 16న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఏర్పాటు చేసిన సమావేశంలో స్మార్ట్‌ఫోన్లు, టాబ్లెట్లు, లాప్‌టాప్‌లకు టైప్-సిని దశలవారీగా అమలు చేయాలన్న అంగీకారం కుదిరింది. 2023 జనవరిలో భారతీయ ప్రమాణాల సంస్థ టైప్-సికి ప్రమాణాన్ని వెలువరించింది. ఇది స్వాగతించదగినదే. అయితే ప్రమాణం ప్రకటించడం వేరు, దానిని తప్పనిసరి చేయడం వేరు. తేదీతో కూడిన ఆదేశం తోడైనప్పుడే ప్రమాణానికి బలం చేకూరుతుంది. 2009 నాటి ఐరోపా అనుభవం మనకు నేర్పే పాఠం ఇదే. అదే సమావేశంలో, మీటల ఫోన్లకు వేరొక పోర్టు ఉండవచ్చునన్న ఆలోచన కూడా వచ్చింది. ఆ ఫోన్లు వాడేది ఎవరు? ప్రధానంగా పేదలు, వృద్ధులు. ధర పెరగరాదన్న జాగ్రత్త అవసరమే. కాని ఉన్నవారికి ఒక గేజి, లేనివారికి మరొక గేజి అన్న విధానం ఎట్టి ఫలితాన్నిస్తుందో మీటరు గేజి చరిత్ర చెప్పనే చెప్పింది.

మిత్రులారా, ఫోను ఇప్పుడు విలాస వస్తువు కాదు. బట్వాడా వివరాలు నమోదు చేసే పోస్ట్‌మన్‌కు, గ్రామీణ డాక్ సేవక్‌కు, రన్నింగ్ రూములో విశ్రమిస్తూ ఇంటి క్షేమం కనుక్కొనే రైలు సిబ్బందికి అది పనిముట్టు, ఆధారం కూడా. కావున ఈ విషయంలో మన సంఘాలు కొన్ని డిమాండ్లను స్పష్టంగా ముందుంచాలి. విధి నిర్వహణకు ఇచ్చే ప్రతి పరికరానికి ఉమ్మడి పోర్టు ఉండాలి. దాని ఛార్జరు, కేబులు ఖర్చును యాజమాన్యమే భరించాలి. ఉద్యోగి జేబుపై పడరాదు. ఛార్జరు లేకుండా అమ్మే ఫోనుకు ఆ మేరకు ధర తగ్గాలి. ఏ కేబులు ఎంత శక్తిని మోస్తుందో భారతీయ భాషలలో ముద్రించాలి. పాత ఛార్జర్లను ఎక్కడ అప్పగించాలో ప్రజలకు తెలియజేయాలి. లేనిచో, రాగి కోసం ఆ తీగలను కాల్చి విషపు పొగ పీల్చేది మనవంటి కూలి మనిషే. అతడికి యూనియను లేదు. అతడి పక్షాన కూడా మనమే మాట్లాడవలసి ఉన్నది.

కొలతలను నిర్ణయించే గదులలో ఇంతవరకు కంపెనీల ప్రతినిధులు, అధికారులు కూర్చుంటున్నారు. వినియోగదారుల సంఘాలతో పాటు కార్మిక సంఘాలకు కూడా అక్కడ స్థానం కావాలని మనం కోరాలి. ఈ డిమాండ్లను మీమీ శాఖల సమావేశాలలో చర్చించి, తీర్మానాలు చేసి సమాఖ్య కార్యాలయానికి పంపవలసినదిగా కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.