ప్రయోగశాలనుండి పత్రికకు

నగరం, మామిడికుదురు, అంబాజీపేట ప్రాంతముల కొబ్బరిరైతులకు తెల్లదోమను గూర్చి మేము వేరుగా చెప్పనక్కరలేదు. సర్పిలాకారపు తెల్లదోమ మన దేశమున మొదట గుర్తింపబడినది 2016లో. ఆకుల అడుగున తెల్లని వలయములను, క్రింది ఆకులపై నల్లని మసిని చూచిన రైతు ఆ సంగతి ప్రక్కతోటవారితో చెప్పును. అది సమాచారము. ఎన్ని చెట్లను చూచినది, ఏ మాసమున చూచినది, ఏ విధముగా లెక్కించినది విడమరచి వ్రాసి, ఎక్కడనో ఉన్న అపరిచితుడు తన తోటలో సరిచూచుకొనుటకు వీలుగా అందించినచో అది శాస్త్రమగును. అట్లందించు సాధనమే పరిశోధన పత్రము. కోనసీమ గ్రామములనుండి విశ్వవిద్యాలయములకు పోయి పరిశోధనలు సాగించు యువతీయువకులకును, వారి శ్రమ ఏమిటో తెలిసికొనగోరు ఇంటిపెద్దలకును, ఆ పత్రము తయారగు విధమును విన్నవించుట నేటి మా ప్రసంగ విషయము.

ఇందుకు మనవారి ఉదాహరణమే ఒకటి కలదు. గోదావరికి ఆవలియొడ్డున, భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని బోస్టను చేరి, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేగారితో కలిసి పనిచేసిరి. భాస్వరమును కొలుచుటకు వారిరువురు రూపొందించిన పద్ధతి 1925లో ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’ అను పత్రికలో ప్రకటితమైనది. పరీక్షింపవలసిన ద్రవమునకు మాలిబ్డేటును చేర్చి, వేరొక ద్రవ్యముచే నీలవర్ణమును పుట్టించి, ఆ నీలపు గాఢతనుబట్టి భాస్వరము ఎంత ఉన్నదో తేల్చుట అందలి సారము. సారమును చెప్పుటకు ఒక పుట చాలును. కాని వారి పత్రము ఇరువదియారు పుటలు! చేయు విధమును అంత వివరముగా తెలిపిరి గనుకనే, వారిని ఎన్నడును చూడనివారుకూడ దూరదేశములలో ఆ పని చేయగలిగిరి. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యను పేర అది దశాబ్దములపాటు ప్రపంచపు ప్రయోగశాలలలో వాడుకలో నుండెను.

ఇంకొక ముచ్చట కలదు. అదే పద్ధతితో కండరపు సారమును పరీక్షించినప్పుడు నీలవర్ణము మామూలు వేగమున రాక మెల్లమెల్లగా పెరుగుచుండెను. ఏదో పొరపాటని ఆ అంకెలను కొట్టివేయుట సులభము. వారు అట్లు చేయక కారణమును వెదకిరి. అంతవరకు కండరములోని నిరింద్రియ భాస్వరమని లెక్కింపబడుచున్నదానిలో అధికభాగము క్రియాటినుతో కూడియుండి, సులభముగా విడిపోవు పదార్థమని తేలెను. అదియే ఫాస్ఫోక్రియాటిన్. 1927 ఏప్రిలులో ‘సైన్స్’ పత్రికలో దానిని ప్రకటించిరి. ఆ సంవత్సరమే ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును అట్టి పదార్థమునే గుర్తించి ప్రకటించిరి. కావున సరిపడని అంకెను దాచరాదు. సరిచూచుకొన్న ఫలితమును ఏండ్లతరబడి పెట్టెలో ఉంచరాదు. సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని పదార్థములు ఆనాడు వెలుగునకు రాకపోవుటచే, తరువాత ఇతరులు వానిని మరల కనుగొనవలసి వచ్చినదని ఆయనతో పనిచేసిన జార్జి హిచింగ్సుగారు చెప్పిరి. ఈ హిచింగ్సుగారే 1988లో నోబెలు బహుమానమందినవారు.

ఇక వ్రాయు క్రమము. పత్రము అచ్చులో శీర్షికతో మొదలగును. కాని వ్రాయువారు శీర్షికతో మొదలిడనక్కరలేదు. ముందుగా పట్టికలను, పటములను ఒక వరుసలో పేర్చుకొనవలెను. అవి ఒక మాట చెప్పుచున్నవా, పది మాటలు చెప్పుచున్నవా చూడవలెను. ఒక పత్రమునకు ఒక మాట చాలును. పిమ్మట చేసిన పద్ధతిని వ్రాయవలెను. అది చేతిలోని పని గనుక జ్ఞాపకము చెదరకమునుపే వ్రాయుట మేలు. తరువాత ఫలితములు. చూచినది ఒకచోట, దానికి మనము చెప్పుకొను అర్థము వేరొకచోట ఉండవలెను. రెండును కలిపినచో చదువరికి ఏది అంకెయో, ఏది ఊహయో తెలియదు. అనంతరము, పూర్వులు ఎంతవరకు చేసిరి, మన ప్రశ్న ఎక్కడ మొదలైనది అను ఉపోద్ఘాతము. సంగ్రహమును, శీర్షికను చిట్టచివర వ్రాయుట మంచిది. పెక్కుమంది చదువునది ఆ రెండే గనుక, పత్రములో లేని గొప్పను వానిలో చెప్పరాదు.

కర్తల పేర్లు మరియొక చిక్కు. నిజముగా శ్రమపడినవారి పేరు విడువరాదు. పెద్దవారని మాత్రమే ఎవరి పేరును చేర్చరాదు. చిన్న సహాయము చేసినవారికి కడపట కృతజ్ఞత తెలుపవచ్చును. ఈ సంగతి వ్రాతకు ముందే తేల్చుకొన్నచో తరువాత మనస్పర్థలుండవు.

పత్రికను ఎన్నుకొనునప్పుడు, మన పత్రమున పేర్కొన్న పూర్వుల వ్యాసములు ఏ పత్రికలలో వచ్చినవో చూచిన దారి దొరకును. ఆ పత్రిక నియమములను అక్షరము విడువక పాటింపవలెను. ఒకే పత్రమును ఏకకాలమున రెండు పత్రికలకు పంపరాదు. నేడు పంపుట అంతయు కంప్యూటరు మీదనే జరుగుచున్నది. అదే దారిని, రుసుము చెల్లించినచో వారములోనే అచ్చువేసెదమని జాబులు వ్రాయు నకిలీ పత్రికలును వచ్చుచున్నవి. పరిశీలన లేని అచ్చు పరిశోధకునికి పేరు తేదు సరికదా, ఉన్న పేరును పోగొట్టును.

మంచి పత్రికవారు పత్రమును ఆ విషయము తెలిసిన ఇతరులకు పంపి అభిప్రాయములడుగుదురు. వారి ప్రశ్నలు ఒక్కొక్కప్పుడు కఠినముగా ఉండును. ప్రతి ప్రశ్నకు వరుసగా, కోపము లేక, సమాధానము వ్రాయవలెను. అంగీకరింపనిచోట కారణము చూపవలెను. ఒకచోట తిరస్కరింపబడిన పత్రము సవరణతో వేరొకచోట స్వీకరింపబడుట సామాన్యమే. ఇంటివారు దానిని పరీక్ష తప్పుటగా భావింపరాదు.

మన పిల్లలు ఈ పత్రములను సాధారణముగా ఇంగ్లీషులో వ్రాయుదురు. అందుచేత భావము తేలకున్నను మాటల చాటున దాగిపోవు ప్రమాదమున్నది. పంపుటకు ముందు ఇంటివారు ఆ పిల్లవానిని, ఆ పిల్లను కూర్చుండబెట్టి, తెలుగులో నాలుగు ప్రశ్నలు అడుగవలెనని మా మనవి. ఏమి తెలిసికొనగోరితివి? ఎట్లు చూచితివి? ఏమి కనబడినది? దానివలన ఏమి తేలినది? ఈ నాలుగింటికి తడబడక ఇంటిభాషలో బదులు చెప్పగలిగినచో పత్రము సిద్ధమైనట్లే. తడబడినచోటు ఏదియో అది గురుతుపెట్టుకొని, ఆ భాగమును మరల వ్రాయుట మంచిది.