పాము పట్టే చేతికి కూలీ ఎంత?

 

ఇవాళ మీతో చిన్న విషయమే మాట్లాడదామని వచ్చాను. ఇంట్లోకి పాము దూరితే ఎవరిని పిలుస్తారు? వచ్చినోడికి ఏమిస్తారు? చిన్నదే గానీ, దీని వెనకాల మన బతుకు మొత్తం ఉంది.

మాది నెల్లూరు వైపు. యానాదులం. మడికట్లలో ఎలుకలు పట్టాలన్నా, ఇళ్లల్లో పాము పట్టాలన్నా మావాళ్లనే పిలిచేవాళ్లు. మా మావ ఆ పనిలో చెయ్యి తిరిగినోడు. ఒకసారి రాత్రిపూట పక్క ఊరినించి ఎవరో బండి మీద వచ్చి, "ఒరేయ్, బియ్యం మూటల ఎనకాల పాముంది, తొందరగా రా" అన్నారు. నేనూ వెంట పోయా. మావ ముందు పిల్లల్నీ కుక్కనీ బయటికి పంపించాడు. లైటు వేయించాడు. తలుపు కింద సందుని గోనెపట్టాతో మూయించాడు. అప్పుడు గానీ మూట కదపలేదు. కట్లపాము. కర్రతో మెల్లగా నడిపించి గుడ్డసంచిలోకి పోనిచ్చాడు.

ఇంటాయన "చంపెయ్ రా" అన్నాడు. మావ, "లేదయ్యా, దూరంగా వదిలేస్తా" అన్నాడు. "చంపనప్పుడు దుడ్లెందుకు నీకు?" అని ఇంటాయన యాభై రూపాయలు చేతిలో పెట్టాడు. అంత రాత్రప్పుడు మావకి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

ఇంకో ఏడాది మావని రక్తపింజర కరిచింది. అదీ ఒకరింట్లో పాము పడుతున్నప్పుడే. ఆసుపత్రిలో మందెక్కించారు, ప్రాణం దక్కింది, వేలు మాత్రం పోయింది. మూడు నెలలు పనికి పోలేదు. పిలిచినాయన్ని అడిగితే, "నేను రమ్మన్నాను గానీ కరిపించుకోమన్నానా" అన్నాడు. మావ ఏం చెప్పగలడు? కాగితం లేదు, రేటు లేదు, బీమా లేదు.

ఇప్పుడు ఇంకో కథ వినండి. ఇది మన పక్క రాష్ట్రంది.

తమిళనాడులో ఇరుళులు ఉన్నారు. వాళ్లూ మనలాగే పాములూ ఎలుకలూ పట్టి బతికినవాళ్లే. ఒకప్పుడు పాము తోళ్ల వ్యాపారానికి వాళ్లే పాములు పట్టి ఇచ్చేవాళ్లు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, ఆ తర్వాత తోళ్ల ఎగుమతి ఆగిపోయింది. కడుపు మాడింది. ఆ విద్య తప్ప వేరే ఆస్తి లేదు వాళ్లకి. 1978లో రోములస్ విటేకర్ లాంటివాళ్ల తోడ్పాటుతో చెన్నై దగ్గర ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. ప్రభుత్వ అనుమతితో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగు రకాల్ని పడతారు. కొన్ని వారాలు ఉంచుకుని విషం తీస్తారు. మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్ని మందు కంపెనీలు కొంటాయి. కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తంనించి పాముకాటు మందు తయారుచేస్తాయి. మన దేశంలో ఆ మందుకి వాడే విషంలో ఎక్కువ భాగం ఇరుళుల చేతులమీదగా వచ్చిందే.

అర్థమైందా? మా మావకి ఆసుపత్రిలో ఎక్కించిన మందు వెనక కూడా బహుశా ఇంకో ఆదివాసీ చెయ్యే ఉంది.

2017లో అమెరికాలోని ఫ్లోరిడాకి ఇద్దరు ఇరుళుల్ని పిలిపించారు. మాసి సడయన్, వడివేల్ గోపాల్. అక్కడి చిత్తడి అడవుల్లో బయటినించి వచ్చిన బర్మా కొండచిలువలు పెరిగిపోయి కుందేళ్లనీ చిన్న జంతువుల్నీ తినేస్తున్నాయి. ఎన్ని యంత్రాలున్నా అంత దట్టమైన గడ్డిలో అవి కనబడవు. మనవాళ్లు పాము పాకిన జాడ చూసి, రెండు వారాలు తిరక్కముందే 13 కొండచిలువల్ని పట్టించారు. 2023లో మన ప్రభుత్వం ఆ ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చింది.

మా మావదీ వాళ్లదీ ఒకే జాతి విద్య. ఒకరికి పద్మశ్రీ, ఇంకొకరికి యాభై రూపాయలు. తేడా ఎక్కడొచ్చింది? వాళ్లకి సంఘం ఉంది. లైసెన్సు ఉంది. ధర ఉంది. మావ ఒంటరిగా పోయాడు.

ఈ పని అవసరం తగ్గిందనుకోకండి. 2000 నించి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది పోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మన తెలుగు నేల కూడా ఉంది. పోయినవాళ్లలో ఎక్కువమంది పల్లెల్లో పొలం పని చేసుకునేవాళ్లే. పాముకాటు చావుల్ని 2030కల్లా సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. మరి ఆ ప్రణాళికలో పాముని చూసి పేరు చెప్పగలిగే మన పెద్దల చోటెక్కడ? ఇది మనం అడగాలి.

అందుకే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నాలుగు మాటలు.

ఒకటి. ఈ విద్య వచ్చినవాళ్లు దాన్ని దాచుకోకండి, సిగ్గుపడకండి. అలాగని వట్టిచేతుల్తో పాముని పట్టి మెడలో వేసుకుని రీల్సు చెయ్యకండి. మా మావ ఎన్నడూ పాముతో ఆటలాడలేదు. లైకులు మందు కాదు.

రెండు. పాముల్ని పట్టడం, చంపడం, దగ్గర పెట్టుకోవడం చట్టంతో ముడిపడ్డ విషయం. అటవీ శాఖకి తెలియకుండా చేస్తే, రేపు కేసు పడేది పిలిచిన ఇంటాయన మీద కాదు, సంచి మోసిన మన మీద. కాబట్టి మండలంలో పది మంది కలిసి రేంజి ఆఫీసుకి అర్జీ పెట్టండి. శిక్షణ, గుర్తింపు కార్డు, కొక్కెం కర్ర, బూట్లు, ప్రమాద బీమా అడగండి. వాళ్లు ఇచ్చే దానం కాదది, మనం చేసే పనికి కావలసిన సరంజామా.

మూడు. పనికి ముందే రేటు మాట్లాడండి. రానూపోనూ ఖర్చు, పట్టినందుకు కూలీ, రెండూ చెప్పండి. చంపమంటే కుదరదని ముందే చెప్పండి. పట్టిన పాముని ఎక్కడో వంద కిలోమీటర్ల అవతల పారెయ్యకూడదు. కొత్త చోట అది బతకడం కష్టం. దగ్గర్లోనే, జనం లేనిచోట వదలాలి.

నాలుగోది మన మద్దతుదారులకి, పట్నంలో ఉన్నవాళ్లకి. మీ ఇంట్లో పాము కనబడితే కర్ర తియ్యకండి. దూరం నిలబడి అది ఎటు పోతుందో ఒకరు చూస్తూ ఉండండి. అటవీ శాఖకో, అనుమతి ఉన్న పాములు పట్టేవాళ్లకో ఫోన్ చెయ్యండి. ఎవరినైనా కరిస్తే కట్లు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రాలకి టైము వేస్ట్ చెయ్యొద్దు. కరిచిన చెయ్యో కాలో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోండి. వచ్చిన మనిషిని "ఒరేయ్" అనకండి. కూర్చోబెట్టి నీళ్లిచ్చి, మాట్లాడుకున్న కూలీ చేతిలో పెట్టండి. ప్లంబర్‌కి ఇస్తారు, ఏసీ మెకానిక్‌కి ఇస్తారు. ప్రాణం అడ్డం పెట్టినోడి దగ్గర బేరమెందుకు?

మా మావ ఇప్పుడు పాములు పట్టడంలేదు. తొమ్మిది వేళ్లతో బుట్టలల్లుతున్నాడు. పోయిన నెల మా పిల్లలకి నేల మీద పుల్లతో గీసి, కట్లపాముకీ దానిలాగే ఉండే విషంలేని పాముకీ తేడా చెబుతున్నాడు. నేను ఫోన్లో రికార్డు చేసుకున్నా. మీ ఇంట్లో అలాంటి పెద్దలుంటే ఈ వారమే పోయి కూర్చోండి. ముందు విద్య రాసుకోండి, తర్వాత అర్జీ రాద్దాం. అర్జీ కింద మొదటి వేలిముద్ర మా మావదే.

జోహార్.