ద్విచక్రయానము - కవచధారణము
(వార్షిక మహాసభలో చేసిన ప్రసంగము)



విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు మన మహాసభలలో పెక్కు ప్రసంగములు జరిగినవి. నేడు మేము ముచ్చటింపబూనిన విషయము కొందరికి వింతగా తోపవచ్చును. ఐనను మోటారుసైకిలు లేని గృహము నేడు మనలో అరుదు. 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వము ప్రకటించినది. అందు 74,897 మంది ద్విచక్రవాహనములపై పోవుచుండినవారు. హెల్మెట్టు లేకుండ మరణించినవారు 50,029 మంది. మేము చదువు చెప్పిన బాలురలో కొందరు ఉద్యోగమున చేరకమునుపే ఇట్టి లెక్కలలో చేరిరి. ఒక్కొక్క అంకె వెనుక ఒక్కొక్క తల్లి కలదు. కావున ఇది సంఘవిషయమే.

కర్ణుడు తన సహజకవచమును ఇంద్రునకు దానమిచ్చి కీర్తి గాంచెను. మన యువకులు హెల్మెట్టును బండి అద్దమునకు తగిలించి పోవుట ఎవరికిచ్చిన దానమో మాకు బోధపడలేదు.

శిరస్త్రాణమునకు శాస్త్రప్రతిష్ఠ కలిగినది ఇంగ్లండులో. అరేబియా లారెన్సుగా ప్రసిద్ధుడైన టి. ఇ. లారెన్సు 1935 మే నెలలో మోటారుసైకిలుపై నుండి పడి, తలకు దెబ్బ తగిలి, ఆరు దినములు స్పృహలేకయుండి మరణించెను. ఆయనను చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడొకడు. అతడు అటుపిమ్మట సైనిక వార్తాహరుల తలగాయములను పరిశీలించి, శిరస్త్రాణము ప్రాణములు నిలుపునని 1941లో ప్రకటించెను. ధరించినవారికి మరణభయము నూటికి సుమారు 42 పాళ్లును, తలగాయముల భయము 69 పాళ్లును తగ్గునని 2008లో వెలువడిన ఒక గొప్ప పరిశీలన తెలుపుచున్నది.

ఇక ఎన్నిక విషయము. యుద్ధమునుబట్టి కవచము, ప్రయాణమునుబట్టి రక్షణ. వెల చూచి గాని, సొగసు చూచి గాని ఎన్నుకొనరాదు. ఈ దారిలో పడినచో ఏ అంగము ముందుగా నేలను తాకునో ఆలోచించి ఎన్నుకొనవలెను.

మొదట అందరికిని సమానమైనది శిరస్త్రాణము. గడ్డము వరకు కప్పునదే మేలు. రోడ్డుప్రక్క కుప్పలుగా పోసి అమ్ము టోపీలు పోలీసువారి కంటికే గాని తలకు రక్షణ కావు. ఐ.ఎస్.ఐ. ముద్రయు, ఐ.ఎస్. 4151 అను సంఖ్యయు ఉన్నదే కొనవలెను. 2021 జూన్ 1 మొదలు ముద్ర లేని హెల్మెట్లు చేయుటయు, అమ్ముటయు నిషిద్ధము. అది నుదుటిని, బుగ్గలను గట్టిగా పట్టవలెను. పట్టీ బిగించి, వెనుక అంచును పైకెత్తి ముందునకు త్రోసినను ఊడిరాకూడదు. లోపలి నురుగుపొర తాను నలిగి తలను కాచును. ఒకమారు నలిగినది మరల యథాస్థితికి రాదు. కావున పెద్దదెబ్బ తగిలినదానిని, పైకి చెక్కుచెదరకున్నను, మార్చవలెను. రాత్రివేళ నల్లని అద్దము తగదు.

పట్టణములో ఆఫీసునకు, బజారునకు పోవువారు, వేగము తక్కువయని ఉపేక్షింపరాదు. పడువాడు ముందుగా చేతులు చాచును. పూర్వము ధానుష్కులు అంగుళిత్రాణము ధరించినట్లు, వీరు అరచేత తోలు గల చేతితొడుగులు ధరింపవలెను. చెప్పులు విడిచి, చీలమండ కప్పు బూట్లు తొడుగవలెను. మన వేసవిని తలచి గాలి చొచ్చు జాలికోటు కొనుట యుక్తము. బరువైన కోటు కొని ఇంట తగిలించుటకంటె, తేలికైనది కొని నిత్యము తొడుగుట మేలు.

విజయవాడనుండి హైదరాబాదునకు పోవు రాజమార్గమువంటి దారులలో భయము వేరు. అచట పడినవాడు తారుపై దూరము జారును. నూలుబట్ట క్షణములో చిరుగును, పిదప చర్మము. అందుచే తోలుకోటు గాని, రాపిడికోర్చు గట్టినేత కోటు గాని, అట్టి ప్యాంటును వలయును. భుజములకు, మోచేతులకు, మోకాళ్లకు లోపల కవచపు బిళ్లలుండవలెను. ఐరోపా ప్రమాణమగు ఇ.ఎన్. 1621 ముద్ర గలవానిలో రెండవ తరగతివి మొదటి తరగతివానికంటె దెబ్బను ఎక్కువగా అణచును. కోటు వదులై, బిళ్ల మోచేతినుండి ప్రక్కకు తొలగినచో ఉన్నను లేనట్లే. వెన్నుకవచము వేరుగా కొనుడు; పెక్కు కోట్లలో వెన్నునకు ఉత్త స్పంజిముక్కయే యుండును.

అడవిదారులలో, గుట్టలపై నడుపువారికి వేగము తక్కువ, పతనములు ఎక్కువ. వారికి మోకాలినుండి పాదము వరకు గట్టిరక్షణ, పొడవైన బిరుసు బూట్లు, రొమ్ముకవచము ముఖ్యము. శ్రమచే చెమట పట్టును గాన గాలి ఆడు శిరస్త్రాణము, దుమ్ముకు కళ్లద్దములు తగును. ఐతే దాని పొడవైన ముందుచూరు రాజమార్గమున గాలికి తలను వెనుకకు లాగును. ఒకచోట గుణమైనది మరియొకచోట దోషమగుట ఇట్లే.

వేగపందెములపై మోజుగల బాలురకు ఒక మాట. ఆ విద్యకు చెన్నపట్టణము చేరువ ఇరుంగట్టుకోట్టైలో ప్రత్యేకమార్గము కలదు. అచట ఆపాదమస్తకము తోలు అంగీ, వెన్నుకవచము, మణికట్టు మూయు చేతితొడుగులు ధరించినగాని దిగరాదు. అంతటి కవచముతో అచట చేయు పనిని, ఉత్త చొక్కాతో ఊరివీథిలో చేయుట శౌర్యము కాదు.

మమ్ము మిక్కిలి బాధించునది వేరొకటి కలదు. భర్త హెల్మెట్టుతో ముందు కూర్చుండును. భార్య బోడితలతో వెనుక, బిడ్డ నడుమ. నేల ముగ్గురికిని ఒక్కటే గదా! నాలుగేండ్లు దాటినవారు ధరింపవలెనని చట్టమే చెప్పుచున్నది. తొమ్మిది నెలలు మొదలు నాలుగేండ్ల లోపు బిడ్డలకును, హెల్మెట్టుతోబాటు నడుపువానికి బిగించు పట్టీ ఉండవలెననియు, వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదనియు 2022లో నియమము చేసిరి. స్త్రీలు కొంగును, ఓణీని చక్రమున పడకుండ దోపుకొనవలెను.

పోషక మహాశయులకు మా విన్నపము. వివాహములలో అల్లునికి మోటారుసైకిలు ఇచ్చు వాడుక మనలో కలదు. కట్నములపై మా అభిప్రాయము మీరెరుగుదురు, దానినిట విస్తరింపము. ఇచ్చువారు బండితోబాటు రెండు హెల్మెట్లు ఇండు: ఒకటి అల్లునికి, ఒకటి మీ బిడ్డకు. ఫలదానసమయమున పండ్లతోబాటు వానిని పళ్లెరమున నుంచుటకు సిగ్గుపడకుడు. వసతిగృహ విద్యార్థులలో బండి గలవారికిని సంఘనిధినుండి తలకొకటి ఇప్పింపుడు. చదివించిన బిడ్డ ఇల్లు చేరినగాని మన విద్యార్థి వేతనము సార్థకము కాదు.

మీ బిడ్డలెల్లరు బయలుదేరినట్లే క్షేమముగా ఇల్లు చేరుదురుగాక! స్వస్తి.