పుట్టిన ఊరు అడిగిన వైద్యులు

యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతిలో మాట్లాడమన్నప్పుడు బ్లడ్ క్యాన్సర్ తప్ప మరో విషయం నాకు తోచలేదు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 16 మంది లుకేమియా పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే, పదిమందిలో జబ్బు కొన్నాళ్లపాటు వెనక్కి తగ్గింది. ఆ మందు లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావుగారి బృందం చేతిలో పుట్టింది. ఫార్బర్ వ్యాసం 1948 జూన్‌లో అచ్చయింది, ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు. అయితే ఇవాళ నేను చెప్పబోయేది మందుల గురించి కాదు. ఒక ప్రాంతంలో ఒక వైరస్ ఎక్కువ, అక్కడే ఒక బ్లడ్ క్యాన్సరూ ఎక్కువ. ఆ రెంటికీ ముడి ఉందని ఎలా తేలుస్తారు? తేలాక ఏం చేస్తారు? ఇది నేర్చుకోవాలంటే జపాన్ నైరుతి కొసన ఉన్న క్యూషూ దీవికి వెళ్లాలి.

కథ మొదలైంది మాత్రం క్యూషూలో కాదు, దానికి దూరంగా ఉన్న క్యోటోలో. అక్కడి విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో కియోషి తకాత్సుకి, ఆయన సహచరులు ఒక వింత లుకేమియాను గమనించారు. రోగులంతా పెద్దవయసువాళ్లు. ఒంటిమీద దద్దుర్లు, బిళ్లలు కట్టిన మెడ, రక్తంలో మితిమీరిన కాల్షియం. రంగువేసిన స్లైడును మైక్రోస్కోపు కింద పెడితే అసలు విచిత్రం బయటపడుతుంది. మామూలు లింఫోసైట్‌లో కేంద్రకం గుండ్రంగా, కణాన్ని దాదాపు నింపేసి ఉంటుంది. వీళ్ల కణాల్లో అది నొక్కులు పడి, చీలి, పూరేకుల్లా విచ్చుకుని ఉంది. ఇప్పటికీ వాటిని పూల కణాలనే పిలుస్తారు. 1977లో 16 మంది రోగుల వివరాలు ప్రచురిస్తూ తకాత్సుకి బృందం ఒక మాట చేర్చింది: వీళ్లలో ఎక్కువమంది క్యూషూలో పుట్టినవాళ్లు.

కేసుషీటులో పుట్టిన ఊరు రాయడం గుమాస్తా పని అనుకుంటాం. దాన్ని చదివి ఆగిన వైద్యుడంటే నాకు గౌరవం.

క్యూషూలోనే నాగసాకి ఉంది. ఆ పేరు వినగానే మీకు ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. అణుబాంబు నుంచి బతికి బయటపడ్డవారిలో కొన్ని రకాల లుకేమియా పెరిగిన మాట నిజమే. కానీ ఈ రకంలో రేడియేషన్ వల్ల వచ్చిన పెరుగుదల కనబడలేదు. అదే దీవిలో, బాంబుతో ఏ సంబంధమూ లేని కగోషిమా పల్లెల్లోనూ ఇదే జబ్బు.

జవాబు 1981లో వచ్చింది. ఇసావో మియోషి పెంచిన లుకేమియా కణాలను యొరియో హినుమా అనే పరిశోధకుడు తీసుకుని, వాటిమీద రోగుల సీరమ్ వేసి చూశారు. 44 మంది రోగుల్లో 44 మందికీ యాంటీబాడీలున్నాయి. జబ్బు ఎక్కువున్న ప్రాంతాల్లో ఆరోగ్యంగా తిరుగుతున్న పెద్దవాళ్లలో 26 శాతం మందికీ ఉన్నాయి. జబ్బు లేని ప్రాంతాల్లో ఏ కొద్దిమందికో తప్ప లేవు. అంతకు ఏడాది ముందే అమెరికాలో రాబర్ట్ గాలో ప్రయోగశాలలో పోయెజ్ అనే పరిశోధకుడు వేరుచేసిన వైరసూ, ఈ కణాల్లోని వైరసూ ఒకటేనని తర్వాత తేలింది. అదే హెచ్‌టీఎల్‌వీ-1, మనిషిలో దొరికిన మొట్టమొదటి రెట్రోవైరస్.

నూటికి 26 మందిలో వైరస్ ఉంటే నూటికి 26 మందికి క్యాన్సర్ రావాలి కదా? రాదు. వైరస్ ఉన్నవాళ్లలో జీవితకాలం మొత్తంమీద సుమారు 5 శాతానికే ఈ లుకేమియా వస్తుంది. అదీ పసితనంలో సోకితే, అరవై ఏళ్లు గడిచాక. ఆఫ్రికాలో బర్కిట్ లింఫోమా అనే క్యాన్సర్ తీరు ఇంకా చిత్రం. దానితో ముడిపడిన ఎప్‌స్టీన్-బార్ వైరస్ ప్రపంచంలో పెద్దవాళ్లందరికీ దాదాపుగా సోకి ఉన్నదే. జబ్బు మాత్రం మలేరియా తీవ్రంగా ఉన్న ప్రాంతాల్లో పిల్లల దవడలమీద పడుతుంది. అందుకే వైరస్ శాతాన్నీ క్యాన్సర్ శాతాన్నీ పక్కపక్కన పెట్టి కారణం దొరికిందని చాటే వార్తలంటే నాకు అనుమానం.

క్యూషూలోనూ అలాంటి పొరపాటుకు చోటుంది. గోటో దీవుల జాలరి పల్లెల్లో ఈ వైరస్ ఎక్కువ, ఒకప్పుడు బోదకాలూ ఎక్కువే. బోదకాలు దోమతో వచ్చేదే కనుక, దోమకూ వైరస్‌కూ సంబంధముందేమోనని అప్పట్లో పరిశోధించారు. గోదావరి జిల్లాలవాళ్లకు బోదకాలు గురించి నేను చెప్పాల్సిన పనిలేదు. భీమవరంలో పుట్టిన సుబ్బారావుగారి ప్రయోగశాల నుంచే దాని మందు హెట్రజాన్ కూడా వచ్చింది. అయితే ఈ వైరస్ రక్తంలో విడిగా తేలదు, తెల్లకణాల లోపల దాక్కుంటుంది. ఒక కణం మరో కణాన్ని ఆనుకున్నప్పుడే దాటుతుంది. అలాంటిదానికి దోమ వాహనం కాలేదు. దాటే ముఖ్యమైన దారులు మూడు: రక్తమార్పిడి, దాంపత్యం, తల్లిపాలు. వైరస్ ఉన్న తల్లుల పాలను మార్మోసెట్ కోతికి తాగించి, దానికి సోకడం నాగసాకి వైద్యులు చూశారు.

దానం చేసిన రక్తాన్ని 1986 నుంచి పరీక్షించసాగారు. అది తేలిక. పాల సంగతి అలా కాదు. 1987లో నాగసాకిలో గర్భిణులకు రక్తపరీక్ష చేసి, వైరస్ ఉన్నవాళ్లను బిడ్డకు పోతపాలు పట్టమని కోరడం మొదలుపెట్టారు.

ఇక్కడ కొంచెం లెక్క వేయనివ్వండి. వైరస్ ఉన్న నూరుమంది తల్లులు చాలాకాలం చనుబాలిస్తే 20 మంది పిల్లలకు సోకుతుంది. పోతపాలైతే సుమారు ముగ్గురికి. తప్పినవి 17. అందులో 5 శాతం అంటే ఒక్క క్యాన్సర్ కూడా నిండదు. నూరుమంది బాలింతలు చనుబాలు మానుకుంటే, అరవై ఏళ్ల తర్వాత మహా అయితే ఒక్క మనిషి బతుకుతాడన్నమాట! శుభ్రమైన నీళ్లు, పాలపొడి కొనే స్తోమత ఉన్న నాగసాకిలో ఈ బేరం గిట్టుతుంది, పైగా మరుసటి తరానికి పాకే దారీ మూసుకుపోతుంది. 2011 నాటికి జపాన్ అంతటా గర్భిణులకు ఈ పరీక్ష వచ్చింది. నీళ్లు కలుషితమైన చోట ఇదే సలహా ఇస్తే, ముసలితనంలో రాబోయే క్యాన్సర్‌ను తప్పించబోయి పసిబిడ్డను విరేచనాలకు అప్పగించినట్టే. పైగా బాలింతను పాలివ్వొద్దనడం మాటలా? అత్తగారు అడుగుతుంది, పక్కింటావిడ అడుగుతుంది, ఎందుకో చెబితే ఒక బాధ, చెప్పకపోతే ఇంకో బాధ.

మన దగ్గర కూడా గర్భిణులందరికీ ఈ పరీక్ష పెట్టాలా అని ఎవరైనా అడిగితే వద్దనే అంటాను. దక్షిణ భారతంలో అడపాదడపా ఈ లుకేమియా కేసులు బయటపడినా, వైరస్ ఇక్కడ అరుదు. మన బ్లడ్ బ్యాంకుల్లో తప్పనిసరి పరీక్షలు ఐదు: హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా. ఆరోదిగా దీన్ని చేర్చమనీ అడగను. నెలనెలా రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లలకు మాత్రం తెల్లకణాలు వడగట్టిన రక్తమే ఇవ్వాలంటాను. ఎక్కించాక వచ్చే జ్వరాలు తగ్గించడానికి ఆ ఫిల్టర్ ఎలాగూ కావాలి. ఈ వైరస్ ఉండేదీ ఆ కణాల్లోనే.