గ్లైడర్ రెక్కలు బిగించే పని

సిరిసిల్లలో సాంచా (మరమగ్గం) మీదికి నూలు చుట్టిన బీమును ఎక్కించేవారికి తెలుసు: బరువు మోయడం కన్నా, రెండు కొసలూ సరిగ్గా కూర్చోబెట్టడమే కష్టం. ఇంజను లేకుండా ఎగిరే గ్లైడర్‌కు రెక్కలు బిగించడంలోనూ చిక్కు అదే.

రెక్కలు విప్పితే గ్లైడర్‌ను పొడవాటి ట్రైలర్‌లో జగిత్యాల–కోరుట్ల రోడ్డు మీదైనా తీసుకుపోవచ్చు. ఈ అవసరం పాతదే. 1894లో జర్మనీలో ఓటో లిలియెంటాల్ తయారుచేసి అమ్మిన గ్లైడర్‌కు మడతపడే రెక్కలుండేవి.

ఇప్పటి గ్లైడర్లలో రెండు రెక్కల దూలాలూ విమానం నడుములో ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుంటాయి. రంధ్రాలు ఎదురెదురుగా కలిస్తేనే పిన్ను దిగుతుంది. రెక్కల కొస నుంచి కొసకు 15 మీటర్లుండే గ్లైడర్‌లో ఒక్కో రెక్క ఏడు మీటర్లకు పైగా పొడవుంటుంది. పిన్ను దిగకపోతే సుత్తి పట్టకూడదు. కొసను కాస్త పైకీ కిందికీ కదిలించి చూడాలి. పిన్నులు తుడిచి, పలుచగా గ్రీజు రాస్తే పని తేలికవుతుంది. ఎత్తు మార్చుకునే చక్రాల స్టాండు ఉంటే ఒక్కరే బిగించగలరు.

అన్నిటికన్నా ముఖ్యం, రెక్కల్లోని కంట్రోళ్లను పైలట్ పట్టుకునే స్టిక్‌కు కలపడం. చాలా కొత్త గ్లైడర్లలో రెక్క అమరగానే అవే కలుస్తాయి. పాతవాటిలో చేత్తో కలపాలి. అది మరిచిపోయి ఎగిరి ప్రాణాలు పోగొట్టుకున్న పైలట్లున్నారు. అందుకే ఎగిరేముందు ఒకరు బయట ఐలరాన్‌ను (రెక్క వెనక అంచున కదిలే పలకను) గట్టిగా పట్టుకుంటే, మరొకరు లోపల స్టిక్‌ను కదిపి చూస్తారు.