గోతోబా చక్రవర్తియు తేయికా కవియు



జపాను దేశమున సింహాసనమొకరిది, రాజ్యాధికారము మఱియొకరిది అయిన కాలమును గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. 1192వ సంవత్సరమున మినమోతో యొరితోమో అను యోధుడు షోగున్, అనగా సర్వసేనాని, అను బిరుదమును బడసి తూర్పున కామాకురా పట్టణమునుండి పెత్తనము నెఱపసాగెను. క్యోతో నగరమందలి చక్రవర్తికి పూజలు, ఉత్సవములు, కవిత్వము ముఖ్యముగా మిగిలెను. కవిత్వమనగా వినోదమాత్రమని తలపవలదు. చక్రవర్తి యాజ్ఞచే కూర్పబడు సంకలనమున 31 అక్షరముల పద్యమొక్కటి చేరినను అది వంశమునకంతకు గౌరవము.

గోతోబా మూడేండ్ల ప్రాయమున, 1183లో, చక్రవర్తి యయ్యెను. 1198లో సింహాసనమును కుమారునకిచ్చి, దేశాచారము చొప్పున తెరవెనుక నుండి కొలువును నడపెను. అతడు 1201లో కవిత్వమునకై యొక కచేరీని నెలకొల్పి, పలువురు కవులచే సుమారు 2000 పద్యముల ‘షిన్ కొకిన్షూ’ను కూర్పించెను. 1205లో ముగింపు విందు జరిగినను దిద్దుబాట్లు మాత్రము మానలేదు. ఆ కూర్పరులలో ఫుజివారా తేయికా ప్రసిద్ధుడు, ఇయెతకా సౌమ్యుడు.

వింత యేమనగా, కామాకురాలోని మూడవ షోగున్, యొరితోమో కుమారుడగు సనెతోమోయు కవియే. 1209లో తన పద్యములు ముప్పదింటిని దిద్దుటకై తేయికాకు పంపెను. తేయికా వానిని పరిశీలించి, కవితారీతులపై చిన్న గ్రంథమును వ్రాసి పంపెను. ఆ యువకుడు 1219లో మంచు కురిసిన రేయి దేవాలయమునొద్ద అన్నకొడుకు చేత హతుడయ్యెను. యొరితోమో వంశమున షోగునులు అంతటితో ముగిసిరి.

1220లో తేయికా పద్యమొకటి గోతోబాకు ఆగ్రహము కలిగించగా, కవికి కొలువుప్రవేశము నిషిద్ధమయ్యెను. మఱుసటి యేడు గోతోబా కామాకురాపై యుద్ధము ప్రకటించెను. యొరితోమో భార్య మసాకో, యోధులకు తన భర్త చేసిన మేలులను జ్ఞప్తికి తెచ్చెను. వారి సేనలు క్యోతోను ఆక్రమించెను. గోతోబాను ఓకి దీవికిని, అతని కుమారుడు జున్తోకును సాదో దీవికిని పంపివైచిరి.

కొలువులో తేయికా దశ తిరిగినది అటుపిమ్మటనే. 1232లో నూతన సంకలనమును కూర్పుమని ఆనాటి చక్రవర్తి యతనిని ఆజ్ఞాపించెను. అందు తేయికా గోతోబా, జున్తోకుల పద్యములను చేర్చెను. కామాకురావారి మనస్సునకు కష్టము కలుగునని కొలువు పెద్దలు వానిని తీయుమనిరి. 1235లో ముగిసిన గ్రంథమున ఆ యిరువురి పద్యము ఒక్కటియు లేదు.

నేనతనిని తేలికగా నిందింపజాలను. వృద్ధుడు, కుమారుని భవిష్యత్తు కొలువునే యాశ్రయించియున్నది. అయినను, ఇయెతకాను తలచినపుడు మనస్సు అటే మ్రొగ్గును. 1236లో గోతోబా దీవినుండియే పద్యముల పోటీని నడపగా, ఆ ముదుసలి తన పద్యములను సముద్రము దాటించి పంపెను.

దీవిలో గోతోబా చేసిన పని మఱియొకటి కలదు. ‘షిన్ కొకిన్షూ’ను మరల ముందు పెట్టుకొని, సుమారు 400 పద్యములను తొలగించెను. వానిలో తనవియు పెక్కులు. రాజ్యము పోయినను పద్యమునకు చోటు నిర్ణయించు హక్కును అతడు వదలలేదు. 1239లో అచ్చటనే మరణించెను. తేయికా 1241లో గతించెను.

నూర్గురు కవుల పద్యములు ఒక్కొక్కటి చొప్పున చేర్చిన చిన్న సంకలనమొకటి తేయికా పేర నేటికిని జపానున ప్రసిద్ధము. నూతన సంవత్సరమున పిల్లలును పెద్దలును ఆ పద్యముల చీట్లతో ఆడుకొందురు. అందు 93వది సనెతోమోది. 99వది గోతోబాది, నూఱవది జున్తోకుది. ఈ కడపటి రెంటిని తేయికాయే చేర్చెనా, పిమ్మట అతని కుమారుడు చేర్చెనా యని పండితులు ఇప్పటికిని వాదించుచున్నారు.